ఒక గుమ్మానికి తాళము, ఒక గుమ్మము బార్లా



2001లో ఫ్రాన్సు దేశములో ‘అమేలీ’ అనే సినిమా వచ్చింది. ప్యారిస్ నగరములో ఒక కాఫీ హోటలులో పనిచేసే అమ్మాయి, తన చుట్టూ ఉన్నవారికి చాటుగా మేలు చేసే కథ అది. అందులో అక్కడక్కడ కొద్దిపాటి శృంగారము, ఒంటి మీద బట్టలు లేని దృశ్యములు ఉన్నవి. ఫ్రాన్సువారు ఆ సినిమాను అన్ని వయసులవారూ చూడవచ్చునన్నారు. జర్మనీవారు 6 ఏళ్లు నిండిన పిల్లలు చూడవచ్చునన్నారు. అదే సినిమా సముద్రము దాటి అమెరికా చేరేసరికి దాని మీద ‘ఆర్’ అనే ముద్ర పడింది. అంటే 17 ఏళ్లలోపు పిల్లలు పెద్దవారెవరూ వెంట లేకుండా చూడరాదన్నమాట.

2008లో అమెరికాలో ‘ది డార్క్ నైట్’ అనే సినిమా వచ్చింది. ముఖానికి రంగు పూసుకొన్న ఒక దుర్మార్గుడు ఒక నగరమంతటినీ గడగడలాడించే కథ. హత్యలు, పేలుళ్లు, బెదిరింపులు కావలసినన్ని ఉన్నవి. అమెరికావారు దీనికి ‘పి.జి.-13’ అని ఇచ్చారు. 13 ఏళ్లలోపు పిల్లల విషయములో తల్లిదండ్రులు జాగ్రత్తపడండి అనే హెచ్చరిక మాత్రమే అది. జర్మనీలో అదే సినిమాకు 16 ఏళ్ల హద్దు పెట్టారు. అంతకంటె చిన్నపిల్లలను తండ్రి చెయ్యి పట్టుకొని తెచ్చినా హాలులోనికి రానివ్వరు.

ఒక ఇంటికి రెండు గుమ్మములు ఉన్నవనుకోండి. అమెరికావారు నగ్నత్వము వచ్చే గుమ్మానికి గట్టి తాళము వేసి, హింస వచ్చే గుమ్మము తెరిచి ఉంచారు. ఐరోపావారిలో చాలామంది దీనికి సరిగ్గా ఎదురు చేశారు. ఇద్దరూ పిల్లల క్షేమము కోసమే అంటారు. ఇద్దరూ ఒకరినొకరు చూసి ఆశ్చర్యపోతారు.

ఇది మనకెందుకు అని కొందరు అడగవచ్చు. మన సంఘములకు సువార్త తెచ్చినవారు ఈ రెండు ఖండములవారే. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ గారు జర్మనీలో పుట్టి, అమెరికా సంఘము పంపగా వచ్చినవారు. ఈనాడు మన పల్లెల పిల్లలు చదువులకు, ఉద్యోగములకు ఆ దేశములకే పోతున్నారు. ఆ దేశములలో తీసిన సినిమాలు మన ఇళ్లలో, మన చేతులలోని ఫోన్లలో ఆడుచున్నవి. కాబట్టి వారి అలవాట్ల వెనుక ఉన్న కథ కొంత తెలుసుకొనుట మనకు మేలు.

ఐరోపాలో దేహము

ముందుగా ఒక మాట. ఐరోపా అని ఒక్క మాటలో అంటున్నాము గాని, అక్కడ నలభైకి పైగా దేశములు ఉన్నవి. ఐర్లండు, పోలండు దేశముల పద్ధతి వేరు, డెన్మార్కు, జర్మనీల పద్ధతి వేరు. అమెరికాలో కూడా న్యూయార్కు నగరము వేరు, దక్షిణ రాష్ట్రముల పల్లెలు వేరు. మేము ఇక్కడ చెప్పేది మొత్తము మీద కనబడే తేడా మాత్రమే.

ఫిన్లాండు దేశ జనాభా సుమారు 55 లక్షలు. ఆ దేశములో ఉన్న సౌనాలు సుమారు 30 లక్షలు. సౌనా అంటే కొయ్య పలకలతో కట్టిన ఆవిరి స్నానపు గది. పొయ్యి మీద రాళ్లను బాగా కాల్చి, వాటి మీద నీళ్లు చల్లుతారు. ఆ వేడి ఆవిరిలో కూర్చుని చెమట పట్టించుకొంటారు. పూర్వము పల్లెలలో స్త్రీలు ప్రసవించినది ఆ గదిలోనే. చనిపోయినవారికి కడసారి స్నానము చేయించినది ఆ గదిలోనే. అందులోనికి బట్టలతో పోరు. తల్లి, తండ్రి, పిల్లలు కలిసి కూర్చుంటారు. బయటివారు వచ్చే చోట స్త్రీలకు వేరుగా, పురుషులకు వేరుగా ఏర్పాటు ఉంటుంది. ‘చర్చిలో ఎట్లా ఉంటారో సౌనాలో అట్లా ఉండండి’ అని పెద్దలు పిల్లలకు నేర్పుతారు. అరుపులు, కొట్లాటలు, వెకిలి మాటలు అక్కడ పనికిరావు. ఇది నాస్తికుల దేశము కాదు. ఆ ప్రజలలో ఎక్కువమంది లూథరన్ సంఘములో చేరినవారు. 2020లో యునెస్కో సంస్థ ఈ సౌనా ఆచారమును మానవజాతి సంస్కృతీ సంపదల పట్టికలో చేర్చింది.

జర్మనీ కథ మరొక విధముగా మొదలైంది. 19వ శతాబ్దము చివరిలో అక్కడ ఫ్యాక్టరీలు పెరిగి, జనము ఇరుకు గదులలో, బొగ్గు పొగలో మగ్గిపోయారు. క్షయరోగము ఇల్లిల్లూ తిరిగింది. మనిషి ఒంటికి ఎండ, గాలి, నీరు తగలాలి అనే ఉద్యమము ఆ రోజులలో పుట్టింది. చెరువుల దగ్గర, సముద్రతీరములలో బట్టలు లేకుండా స్నానము చేయుటకు వేరుగా స్థలములు ఏర్పరచుకొన్నారు. ‘స్వేచ్ఛా దేహ సంస్కృతి’ అని అర్థము వచ్చే పేరు దానికి పెట్టారు. 1949 నుండి 1990 వరకు వేరు దేశముగా ఉన్న తూర్పు జర్మనీలో, బాల్టిక్ సముద్రము ఒడ్డున కుటుంబములకు కుటుంబములే సెలవులు ఇట్లా గడిపేవి. ఈనాటికీ జర్మనీలోని చాలా ఆవిరి స్నానపు గదులలో ఈత దుస్తులు వేసుకొని రానివ్వరు. అది శుభ్రత కాదంటారు. అయితే అక్కడ ఒక కట్టుబాటు ఉన్నది. బట్టలు లేకపోవుట తప్పు కాదు. ఎదుటివారిని తేరిపార చూచుట పెద్ద తప్పు.

నార్వే రాజధాని ఓస్లోలో విగెలాండ్ అనే శిల్పి చేసిన 200కు పైగా విగ్రహములు ఒక పార్కులో ఉన్నవి. పసిబిడ్డలు, యౌవనస్థులు, తల్లులు, ముసలివారు, అందరూ దిగంబరులే. మనిషి పుట్టుక మొదలు చావు వరకు గల జీవితమును ఆయన అక్కడ చూపాడు. తల్లిదండ్రులు పిల్లలను ఎత్తుకొని ఆదివారము మధ్యాహ్నము అక్కడ షికారు చేస్తారు.

మనకు ఇది వింతగా తోచవచ్చు. గాని ఒక్కసారి మన వీధిలోనికి చూడండి. మొలతాడు ఒక్కటే కట్టుకొని మట్టిలో ఆడుకొనే పసివాడిని చూసి మనలో ఎవరు సిగ్గుపడతారు? చెట్టు నీడన కూర్చుని పైట చాటున బిడ్డకు పాలిచ్చే తల్లిని ఎవరు తప్పుపడతారు? అమెరికాలో తల్లి నలుగురిలో బిడ్డకు పాలిచ్చుకొనవచ్చునని ఒక్కొక్క రాష్ట్రము చట్టము చేసుకొంటూ వచ్చింది. మొత్తము 50 రాష్ట్రములలో అది పూర్తయినది 2018లో. ఏది సహజము, ఏది సిగ్గు అనునది చాలవరకు మనము పెరిగిన వాకిలిని బట్టి ఉంటుంది.

ఐరోపా కూడా మొదటినుండి ఇట్లా లేదు. రోమునగరములో సిస్టీన్ చాపెల్ గోడ మీద మైకలాంజెలో 1541లో అంత్యతీర్పు చిత్రమును పూర్తి చేశాడు. అందులో పరిశుద్ధులు కూడా దిగంబరులుగా ఉన్నారు. ట్రెంటు మహాసభ 1563లో ముగిసిన తరువాత, సంఘ పెద్దలు ఆ చిత్రములోని మనుష్యులకు గుడ్డలు వేయించవలెనని నిర్ణయించారు. దానియేలే ద వోల్తెర్రా అనే చిత్రకారుడు ఆ పని చేసి, ‘లాగులు కుట్టినవాడు’ అనే ఎగతాళి పేరు మోశాడు. 1994లో ఆ గోడను శుభ్రము చేసి ముగించినప్పుడు, తరువాతి కాలములో వేసిన గుడ్డలలో కొన్నిటిని తీసివేశారు. కప్పినదీ సంఘమే, విప్పినదీ సంఘమే.

అమెరికాలో దేహము

అమెరికావారి సిగ్గుకు కారణము పూర్వపు ప్యూరిటనులే అని తరచుగా చెబుతారు. 1620, 1630 ప్రాంతములలో ఇంగ్లండు నుండి వలసపోయి ఆ దేశములో స్థిరపడిన నిష్ఠాపరులు వారు. ఇందులో కొంత నిజమున్నది. గాని బైబిలు ఒక్కటే కారణమైతే, అదే బైబిలు చదివే ఫిన్లాండువారు అట్లా ఎందుకు లేరు? అసలు సంగతి తెలియాలంటే సినిమా చరిత్ర, కోర్టుల చరిత్ర చూడవలెను.

1930లో హాలీవుడ్ కంపెనీలు ఒక నిబంధనావళిని ఒప్పుకొన్నవి. దానిని వ్రాసినవారిలో డేనియల్ లార్డ్ అనే జెస్విట్ గురువు ముఖ్యుడు. 1934 నుండి అది గట్టిగా అమలులోనికి వచ్చింది. మన పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ నిబంధనావళి రెండు గుమ్మములకూ కావలి కాచింది. నగ్నత్వము చూపరాదన్నది, క్రూరమైన హత్యలను వివరముగా చూపరాదని కూడా అన్నది. 1968లో దానిని తీసివేసి, వయసును బట్టి ముద్ర వేసే పద్ధతి తెచ్చారు. అప్పటినుండి ఒక కావలివాడు మెలకువగా ఉన్నాడు, రెండవవాడు కునుకు తీశాడు.

1984లో వచ్చిన ‘ఇండియానా జోన్స్’ వరుసలోని రెండవ సినిమా దీనికి గుర్తు. కథ మన భారతదేశములో జరుగుతుంది. మన అమ్రీష్ పురి అందులో దుష్ట పూజారి. బ్రతికి ఉన్న మనిషి గుండెను చేతితో పెరికే దృశ్యము అందులో ఉన్నది. దానిని పిల్లలు కూడా చూడగలిగే ముద్రతో విడుదల చేశారు. తల్లిదండ్రులు గోలపెట్టిన తరువాత, అదే ఏడాది ‘పి.జి.-13’ అనే కొత్త మెట్టు కట్టారు. గుండె పెరికిన దృశ్యము మాత్రము ఉన్నచోటనే ఉన్నది.

కోర్టుల సంగతి ఇంకా స్పష్టముగా ఉన్నది. అమెరికా రాజ్యాంగము వాక్స్వాతంత్ర్యమును చాలా బలముగా కాపాడుతుంది. దానికి ఉన్న కొద్దిపాటి మినహాయింపులలో అశ్లీలము ఒకటి. అశ్లీలమంటే ఆ కోర్టుల లెక్కలో స్త్రీపురుష సంబంధమైనదే. హింస అందులోనికి రాదు. 1968లో న్యూయార్కు రాష్ట్రమునకు చెందిన ఒక దుకాణదారుడు 16 ఏళ్ల కుర్రవాడికి దిగంబర స్త్రీల బొమ్మలున్న పత్రికలు అమ్మినందుకు పడిన శిక్షను సుప్రీంకోర్టు సమర్థించింది. 2011లో కాలిఫోర్నియా రాష్ట్రము, మిక్కిలి హింసతో కూడిన వీడియో ఆటలను 18 ఏళ్లలోపు పిల్లలకు అమ్మరాదని చేసిన చట్టము అదే కోర్టు ముందుకు వచ్చింది. ఏడుగురు న్యాయమూర్తులు ఆ చట్టము చెల్లదన్నారు. పిల్లలకు చెప్పే పాత కథలలో కూడా హింస ఉన్నది గదా అన్నారు. ఒప్పుకొనని ఇద్దరిలో ఒకరైన బ్రేయర్ గారు ఒక ప్రశ్న వేశారు. దాని సారాంశము ఇది: 13 ఏళ్ల పిల్లవాడికి ఒక స్త్రీ నగ్నచిత్రమున్న పత్రిక అమ్మరాదట, అదే పిల్లవాడు అదే స్త్రీని తన చేతులతో కట్టివేసి, చిత్రహింస పెట్టి, చంపే ఆటను మాత్రము కొనుక్కొనవచ్చునట. ఇందులో అర్థమేమున్నది?

ఆ ప్రశ్నకు ఇప్పటికీ సరియైన జవాబు రాలేదని మా అభిప్రాయము.

2004 ఫిబ్రవరి నెల ఈ విషయమునకు మంచి సాక్ష్యము. ఫిబ్రవరి 1న హ్యూస్టన్ నగరములో జరిగిన పెద్ద ఫుట్‌బాల్ పోటీ మధ్య పాటల కార్యక్రమములో, గాయని జానెట్ జాక్సన్ రొమ్ము ఒక సెకను కంటె తక్కువసేపు టీవీలో కనబడింది. ప్రభుత్వ ప్రసార సంస్థకు 5 లక్షలకు పైగా ఫిర్యాదులు చేరినవి. టీవీ కంపెనీకి 5,50,000 డాలర్ల జరిమానా వేశారు. తరువాత కోర్టులు దానిని కొట్టివేసినవి. అదే నెల 25న, భస్మ బుధవారమున, ‘ది పాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ విడుదలైంది. ప్రభువు పొందిన కొరడా దెబ్బలను, సిలువ శ్రమను ఎంతో రక్తముతో చూపిన సినిమా అది. దానికి కూడా ‘ఆర్’ ముద్రే పడింది. అటువంటి ముద్ర ఉన్న సినిమాకు పోకూడదని తమ యౌవనస్థులకు బోధించే సంఘములు ఎన్నో, ఆ సినిమాకు హాళ్లకు హాళ్లే మాట్లాడుకొని కుటుంబములతో పోయినవి. బ్రిటన్‌లో అదే సినిమాకు 18 ఏళ్ల హద్దు, జర్మనీలో 16 ఏళ్లు. ఆ సంఘముల భక్తిని మేము శంకించుట లేదు. ఒక గుమ్మము దగ్గర మనకు కలిగే జాగ్రత్త, రెండవ గుమ్మము దగ్గర ఎందుకు కలుగదు అని మాత్రమే అడుగుచున్నాము.

రక్తమంటే జర్మనీకి ఎందుకు భయము?

జర్మనీవారి భయమునకు కారణము వారి ఇంటిలోనే ఉన్నది. రెండు ప్రపంచ యుద్ధములు, నాజీల పాలన, యూదుల మారణహోమము. సినిమా తెర మీద ద్వేషమును, ఆయుధములను అందముగా చూపితే యువకుల మనసు ఎటు పోగలదో ఆ దేశము కళ్లారా చూచింది. అందుచేత యుద్ధము ముగిసిన నాలుగేళ్లకే, 1949లో, సినిమాలకు వయసు నిర్ణయించే సంస్థను పెట్టుకొన్నారు. పిల్లలకు హాని కలిగించే పుస్తకములను, చిత్రములను గుర్తించే ప్రభుత్వ కార్యాలయము 1954లో మొదలైంది. హింసను గొప్ప చేసి చూపేవారిని శిక్షించే సెక్షను వారి శిక్షాస్మృతిలోనే ఉన్నది. వీడియో ఆటలు అమ్మే కంపెనీలు జర్మనీ కోసము ఆటలనే మార్చవలసి వచ్చింది. ‘కాంట్రా’ అనే ఆటలో మనుష్యులను కాల్చే చోట, ఐరోపాకు పంపిన దానిలో మరమనుష్యులను పెట్టారు.

2002 ఏప్రిల్‌లో ఎర్‌ఫుర్ట్ పట్టణములో, బడి నుండి తీసివేయబడిన 19 ఏళ్ల యువకుడు ఆ బడిలోనే 16 మందిని కాల్చి చంపి, తన్ను తాను చంపుకొన్నాడు. దాని తరువాత పిల్లల రక్షణ చట్టమును ఇంకా బిగించి, 2003లో అమలులోనికి తెచ్చారు.

స్వీడన్ దేశము యుద్ధములలో దిగకపోయినా ఈ విషయములో ఇంకా ముందే మేలుకొన్నది. 1911లోనే ప్రభుత్వ సినిమా తనిఖీ కార్యాలయము పెట్టింది. ‘ఇ.టి.’ అనే సినిమా మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చు. వేరే లోకము నుండి వచ్చిన ఒక చిన్న ప్రాణికి పిల్లలు ఆశ్రయమిచ్చే కథ. 1982లో ఇది స్వీడన్ చేరినప్పుడు, 11 ఏళ్లలోపు పిల్లలు చూడరాదన్నారు. కథలో భయము ఎక్కువగా ఉన్నదని, పెద్దలు పిల్లలకు శత్రువులుగా కనబడుచున్నారని కారణము చెప్పారు. పిల్లలు వీధులలోనికి వచ్చి మాకు ఆ సినిమా చూపండని గోల చేశారు. అదే స్వీడన్ 1967లో తీసిన ఒక సినిమాను, అందులోని నగ్న దృశ్యముల కారణముగా అమెరికా కస్టమ్స్ అధికారులు ఓడరేవులోనే పట్టుకొన్నారు. ఇద్దరి తూకపురాళ్లు ఎంత వేరో చూడండి.

అయితే తెర మీద హింసకు, వీధిలోని హింసకు తిన్నగా గీత గీయకూడదు. ఐరోపా పిల్లలు కూడా అమెరికా సినిమాలే చూస్తారు. అయినా తుపాకి చావులు అక్కడ అమెరికాలో కంటె చాలా తక్కువ. తుపాకి ఎంత సులువుగా చేతికి వస్తుంది అనునది ముఖ్యమైన కారణములలో ఒకటి. హింస చూచిన పిల్లవాడు హంతకుడగునని ఎవరూ నిరూపించలేదు. గాని అమెరికాలోనే పిల్లల వైద్యుల సంఘములు 2000లో కలిసి ఒక ప్రకటన చేసి, తెర మీద హింసను విడువక చూచుట పిల్లల మనసును మొద్దుబరుస్తుందని తల్లిదండ్రులను హెచ్చరించినవి. ఎదుటివాని ఏడుపు వినబడని మనసు తయారగుట చిన్న నష్టము కాదు.

ఐరోపా గుమ్మములో వచ్చిన నష్టము

ఇంతవరకు చదివి, ఐరోపావారే మేలు అని ఎవరైనా అనుకొంటే పొరపాటు. తెరిచి ఉంచిన గుమ్మములో గాలితోపాటు దొంగ కూడా వస్తాడు. దేహమును దాచనక్కరలేదన్న మాటను అడ్డము పెట్టుకొని, దేహమును సరుకుగా అమ్ముకొన్నవారు అక్కడ లేకపోలేదు. బ్రిటన్‌లో ఒక పెద్ద దినపత్రిక 1970 నుండి 2015 వరకు మూడవ పేజీలో అర్ధనగ్న యువతుల ఫొటోలు వేసి కాపీలు అమ్ముకొన్నది.

1972లో వచ్చిన ‘లాస్ట్ టాంగో ఇన్ ప్యారిస్’ సినిమా సంగతి ఇంకా విచారకరము. అందులో నటించిన మరియా ష్నైడర్ అప్పటికి 19 ఏళ్ల పిల్ల. ఒక బలాత్కార దృశ్యములో ఏమి జరుగబోవునో పూర్తిగా ఆమెకు ముందుగా చెప్పలేదు. ఆమె కన్నీరు నిజమైన కన్నీరేనని, తనకు అవమానము జరిగిందని ఆమె తరువాత చెప్పింది. ఆమెకు చెప్పకుండా దాచామని దర్శకుడు కూడా ఆమె మరణము తరువాత ఒప్పుకొన్నాడు. ఆ రోజులలో ఆ సినిమాను గొప్ప కళ అని మెచ్చుకొన్నవారు ఆ పిల్ల ఏడుపు అడుగలేదు.

ఒకే బొమ్మ, రెండు చూపులు

1997 ఫిబ్రవరి 23 రాత్రి అమెరికాలో ఎన్.బి.సి. టీవీ ‘షిండ్లర్స్ లిస్ట్’ సినిమాను దాదాపు కోత లేకుండా ప్రసారము చేసింది. సుమారు ఆరున్నర కోట్లమంది చూశారు. నాజీల శిబిరములలో యూదులను బట్టలు విప్పించి, వరుసగా నిలబెట్టి, పశువులను ఏరినట్టు ఏరే దృశ్యములు అందులో ఉన్నవి. తరువాత ఒక్లహోమా రాష్ట్రపు పార్లమెంటు సభ్యుడు టామ్ కోబర్న్ గారు, టీవీలో ఇంత నగ్నత్వము, హింస, బూతులు చూపుట సిగ్గుచేటని విమర్శించారు. ఆయన సొంత పార్టీవారే ఆయనను మందలించారు. కొద్దిరోజులలోనే ఆయన క్షమాపణ చెప్పుకొన్నారు. జర్మనీలో అదే సినిమాను 12 ఏళ్ల పిల్లలు చూడవచ్చునని నిర్ణయించారు. మా తాతలు చేసిన పని మా పిల్లలు చూడాలి అన్నది వారి ఉద్దేశ్యము.

ఇదే సినిమా పేరు మన దేశపు సుప్రీంకోర్టు తీర్పులో కూడా ఉన్నదని చాలామందికి తెలియదు. 1996 మే నెలలో ‘బాండిట్ క్వీన్’ సినిమా వ్యాజ్యములో తీర్పు చెబుతూ, ఒక స్త్రీని దిగంబరిగా ఊరిలో నడిపించిన దృశ్యము కామమును రేపదని, చేసినవారి మీద అసహ్యమును, ఆ స్త్రీ మీద జాలిని పుట్టిస్తుందని న్యాయమూర్తులు అన్నారు. అందుకు ‘షిండ్లర్స్ లిస్ట్’లోని ఆ వరుసలను ఉదాహరణగా చూపారు.

ఇంకొక బొమ్మ మీరందరూ చూచే ఉంటారు. 1972 జూన్ 8న వియత్నాంలోని ట్రాంగ్ బాంగ్ గ్రామము మీద నాపామ్ బాంబులు పడినవి. 9 ఏళ్ల కిమ్ ఫుక్ అనే పిల్ల బట్టలు కాలిపోగా, ఒళ్లు కాలిపోవుచుండగా, చేతులు చాచి ఏడుస్తూ రోడ్డు మీద పరుగెత్తింది. ఆ ఫొటోను పత్రికలకు పంపవచ్చునా అని ఆనాడే అమెరికా వార్తాసంస్థలో తర్జనభర్జన జరిగింది; ఒంటి మీద గుడ్డలేని బొమ్మలు పంపకూడదని వారి నియమము. చివరకు వార్త ముఖ్యమని పంపారు. ఆ బొమ్మ లోకమును కదిలించింది.

44 ఏళ్ల తరువాత, 2016లో, నార్వేలో ఒక రచయిత ఆ ఫొటోను ఫేస్‌బుక్‌లో పెడితే, దిగంబర బాలిక బొమ్మ అని ఆ అమెరికా కంపెనీ తీసివేసింది. నార్వేలో పేరున్న దినపత్రిక సంపాదకుడు మొదటి పేజీలోనే కంపెనీ యజమానికి బహిరంగ లేఖ వ్రాశాడు. ఆ దేశ ప్రధానమంత్రి ఎర్నా సోల్‌బర్గ్ గారు తాను స్వయముగా ఆ ఫొటోను పెడితే, ఆమెది కూడా తీసివేశారు. గొడవ పెద్దదైన తరువాత కంపెనీ వెనక్కు తగ్గింది.

కంపెనీ నియమము ఆ బొమ్మలో చూచినది గుడ్డలేని ఒళ్లు. నార్వే ప్రజలు చూచినది కాలిన ఒళ్లు. ఆ పిల్ల పెరిగి, 1982లో సైగాన్ నగరములో కొత్త నిబంధన చదివి క్రైస్తవురాలైంది. ఇప్పుడు కెనడాలో ఉంటూ, యుద్ధములో గాయపడిన పిల్లల కోసము పనిచేస్తున్నది. ఒకప్పుడు ఆ ఫొటో అంటే తనకు సిగ్గు, బాధ ఉండేదని, తరువాత దానినే శాంతి కోసము వాడుకొనగలిగానని ఆమె చెప్పింది. ఆ మాట మనము మరువరాదు. లోకమునకు ఆ బొమ్మ ఎంత మేలు చేసినా, అందులోని పిల్లకు కూడా ఒక సిగ్గు ఉన్నది.

నోవహు ఇంటిలో రెండూ ఉన్నవి

ఆదికాండములో నోవహు కథ మనకు చిన్నప్పటినుండి తెలుసు. జలప్రళయము ఎందుకు వచ్చింది? భూమి బలాత్కారముతో నిండిపోయినందున. ఇది ఆరవ అధ్యాయము. ఓడ దిగిన తరువాత, తొమ్మిదవ అధ్యాయములో, నోవహు ద్రాక్షారసము త్రాగి గుడారములో వస్త్రహీనుడై పడియుండగా, ఒక కుమారుడు చూచి బయటకు పోయి చెప్పాడు. షేము, యాపెతు మాత్రము వస్త్రము భుజముల మీద వేసుకొని, ముఖములు త్రిప్పుకొని, వెనుకకు నడిచి తండ్రిని కప్పారు.

ఒకే కుటుంబపు కథలో దేవుడు రెండు గుమ్మములనూ చూపాడు. లోకములోని హింస ఆయన హృదయమును నొప్పించింది. పడిపోయిన మనిషి మానమును కాపాడినవారికి ఆశీర్వాదము దొరికింది. అమెరికావారు తొమ్మిదవ అధ్యాయము దగ్గర, ఐరోపావారు ఆరవ అధ్యాయము దగ్గర వేలు పెట్టుకొని చదువుచున్నట్టున్నారు. సిలువ దగ్గర కూడా రెండూ కలిసే ఉన్నవి. రోమీయులు మనిషిని కొట్టి చంపుటతో తృప్తిపడలేదు. బట్టలు తీసి నిలబెట్టారు. బలవంతముగా చేసిన నగ్నత్వము కూడా హింసే.

కాబట్టి ఎంత ఒళ్లు కనబడింది, ఎంత రక్తము కారింది అని కొలత పెట్టుకొంటే చాలదు. తెర మీద ఆ మనిషికి ఏమి జరుగుచున్నది, చూచే మనము ఎవరి పక్షమున ఉన్నాము అని అడుగవలెను. షేము, యాపెతులు తండ్రి పక్షమున ఉన్నారు గనుక ఎటు నడవాలో వారికి తెలిసింది.

మన ఇళ్ల సంగతి

మన తెలుగు ఇళ్లలో జరిగేది ఒకసారి చూచుకొందాము. టీవీలో ముద్దు దృశ్యము రాగానే నాన్నగారు గొంతు సవరించుకొంటారు, అమ్మ వంటింటిలోనికి పోతుంది, పెద్దబ్బాయి రిమోటు వెతుకుతాడు. అదే వేటకొడవలితో చేతులు నరికే దృశ్యమైతే, ఇంటిల్లిపాది అన్నము కలుపుకొంటూ చూస్తారు. హీరో నరికితే ఈలలు కూడా వేస్తారు. గుమ్మముల విషయములో మనము అమెరికావారి ఇంటికి దగ్గర చుట్టములమే.

మన దేశములో 2024 నవంబరు నుండి ‘యు/ఎ’ సర్టిఫికెట్టును 7, 13, 16 ఏళ్లు అని మూడుగా విడదీశారు. పోస్టరు మీద ఆ అంకె చూచే అలవాటు చేసుకొండి. గాని అంకె మీదనే ఆనుకొనవద్దు. ఏ దేశపు అంకె ఆ దేశపు భయమును చెబుతుంది. మీ బిడ్డ మనసు మీకే తెలుసు. రాత్రి నిద్రలో ఉలిక్కిపడే పిల్లను, చెల్లెలిని సినిమాలో చూచినట్టు కొట్టే పిల్లవాడిని కనిపెట్టేది తల్లిదండ్రులే.

విదేశములకు పోయే పిల్లలకు ఈ తేడా ముందుగా చెప్పి పంపండి. జర్మనీలో ఈతకొలను దగ్గర కనబడినదానిని బట్టి వారందరూ చెడిపోయినవారని తీర్పు తీర్చవద్దనండి. తమకు ఇష్టము లేని చోటికి రానని మర్యాదగా చెబితే అక్కడ ఎవరూ బలవంతము చేయరు. అమెరికాలో బట్టల విషయములో కట్టుబాటు చూచి, అక్కడి పిల్లల ఆటలలో ఏమున్నదో చూడకుండా నిశ్చింతగా ఉండవద్దనండి.

ఈ నెల ఒక సాయంత్రము ఇంటిల్లిపాది కూర్చుని ఈ ప్రశ్నలు మాట్లాడుకొండి. పిల్లలను ముందు మాట్లాడనివ్వండి.

1. ఈ వారములో మనము చూచిన సినిమాలలో, సీరియళ్లలో ఎంతమంది చచ్చిపోయారు? వారిలో ఒక్కరి పేరైనా మనకు జ్ఞాపకమున్నదా?

2. ఏ దృశ్యము రాగానే మన ఇంటిలో టీవీ ఆపుతాము? ఏ దృశ్యము వచ్చినా ఆపము? ఎందుకు?

3. ఊరిలో ఎవరికైనా అవమానము జరిగిన వీడియో మన ఫోనుకు వస్తే, షేము, యాపెతుల వలె మనము ఏమి చేయగలము?

4. మన పిల్లలు భయపడిన సంగతి, సిగ్గుపడిన సంగతి, తిట్టు పడకుండా మనతో చెప్పుకొనగలరా?